పెట్టె మీద 28 అని ఉంటే నమ్మేయొద్దు

(తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మిద్దె మీద గదిలో, వేలెడంత సైనికుల బొమ్మలతో యుద్ధాల ఆటలు ఆడే మిత్రులు కలుసుకున్న ఆదివారం సాయంత్రం మాట్లాడింది ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. అన్నా, ఆ ట్రేని ఫ్యాను కింద పెట్టొద్దు, కొంచెం పక్కకు జరపండి. బొమ్మలు అతికించిన బేస్ మీద చల్లిన గడ్డిపొడి ఇంకా ఆరలేదు, గాలి తగిలితే అంతా మీ టీలోకే వస్తుంది. ఆ, అక్కడ చాలు.

మీలో ఎంతమంది ఇళ్లల్లో దసరాకు బొమ్మల కొలువు పెడతారు? చెయ్యెత్తండి. చూశారా, సగం మందికి పైగానే ఉన్నారు. మా అమ్మ పెడుతుంది. పై మెట్టు మీద దశావతారాలు జానెడు జానెడు ఉంటాయి, కింద మెట్టులో చెట్టియారు, ఆయన భార్య, వాళ్ల ముందు పప్పులూ బియ్యం. చెట్టియారు కూర్చుని ఉండి కూడా వామనుడి కంటే పొడుగు. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి, ఏందమ్మా ఈ చెట్టియారు ఇంత లావున్నాడు అని అడిగారా? అడగరు. ఎందుకంటే ఒక మెట్టు ఒక కథ. ఈ మెట్టుకూ ఆ మెట్టుకూ పోలిక పెట్టం. కానీ అదే వామనుణ్ణి తీసుకొచ్చి చెట్టియారు దుకాణంలో బేరగాడిగా నిలబెట్టండి, ఇంట్లో చిన్నపిల్ల కూడా నవ్వుతుంది. ఈ మెట్టు సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తా.

ఇప్పుడు నా కష్టం చెప్తాను. రెండేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి రెండు సైనికుల బొమ్మల పెట్టెలు తెప్పించాను. రెండూ వేర్వేరు కంపెనీలవి. రెండింటి మీదా 28 మిల్లీమీటర్లు అనే రాసుంది. సరే, ఒకే సైజు కదా, కలిపి ఒక పటాలం చేద్దామని కోసి, అతికించి, పక్కపక్కన నిలబెట్టాను. ఒకడేమో తండ్రిలా ఉన్నాడు, ఇంకొకడు ఎనిమిదో తరగతి పిల్లాడు. మా ఆవిడ వచ్చి చూసి, "వీళ్లిద్దరూ ఒకే సైన్యమా, లేకపోతే ఈయన ఆ పిల్లోణ్ణి స్కూల్లో దింపడానికి వచ్చాడా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అంత డబ్బు పోసి కొన్నాను, కస్టమ్స్ వాళ్లకు వేరే కట్టాను. మోసం చేశారా అంటే చెయ్యలేదు. రెండు పెట్టెల మీదా నిజమే రాశారు. అదెలా?

28 అంటే ఎక్కణ్ణించి ఎక్కడికి? ఇదీ ప్రశ్న. అరికాలు నుంచి నడినెత్తికా, అరికాలు నుంచి కంటికా? కంటికే ఎందుకు కొలుస్తారంటే, సైనికుడి నెత్తి మీద టోపీ ఉంటుంది, శిరస్త్రాణం ఉంటుంది, మన వాళ్లకైతే మూరల కొద్దీ తలపాగా ఉంటుంది, దాని కింద నడినెత్తి ఎక్కడుందో చెక్కినవాడికే తెలియాలి. కన్ను మాత్రం కనిపిస్తుంది. అందుకని అరికాలు నుంచి కంటి దాకా కొలిచి, పక్కన లావా సన్నమా అని ఒక అక్షరం రాసే పద్ధతి ఒకటి ఉంది, బారెట్ పద్ధతి అంటారు. మంచి పద్ధతి. కానీ కంపెనీలన్నీ దాన్ని పాటించవు.

లెక్క వేద్దాం, చిన్న లెక్కే. మామూలు మనిషి 170 సెంటీమీటర్లు అనుకోండి, కళ్లు సుమారు 159 దగ్గర ఉంటాయి. బొమ్మ కంటి దాకా 28 ఉంటే, నెత్తి దాకా 30 అవుతుంది. అంటే దాదాపు 1/57 స్కేలు, నిజం మనిషిలో యాభై ఏడో వంతు. అదే నెత్తి దాకానే 28 అయితే 1/61. పెట్టె మీద మాత్రం రెండూ 28. రెండు మిల్లీమీటర్లే కదా అంటారేమో. ముప్పైలో రెండు అంటే ఆరడుగుల మనిషి పక్కన ఐదడుగుల ఏడంగుళాల మనిషి. అంతవరకే అయితే నాకేం బాధ లేదు, నిజం సైన్యంలో కూడా పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ ఉంటారు కదా. అసలు తేడా ఎత్తులో లేదు. నేను ఆర్నెల్లు ఎత్తే కొలుచుకుంటూ కూర్చున్నాను, అదీ నా తప్పు.

అసలు తేడా ఎక్కడుందో మన ఊళ్లోనే ఎప్పటి నుంచో చెప్తున్నారు. టీటీడీ వాళ్ల శిల్ప శిక్షణ సంస్థ ఉంది కదా, అక్కడ రాతి విగ్రహం చెక్కే పిల్లలకు నేర్పే మొదటి సంగతుల్లో ఒకటి తాలమానం. తాలం అంటే ముఖం పొడవు, జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా. విగ్రహం ఎన్ని అడుగులుంది అని కాదు, ఎన్ని తాలాలుంది అని చూస్తారు. పెద్ద దేవుళ్లకు దశతాలం, వినాయకుడికి పంచతాలం. వినాయకుణ్ణి ఇరవై అడుగులు చెక్కినా ఆయన పంచతాలమే, గుండ్రంగా ముద్దుగానే ఉంటాడు. దశతాలం విష్ణువును అరచేతిలో పట్టేంత చేసినా ఆయన పొడగరిగానే కనిపిస్తాడు. ఎత్తు వేరు, పొందిక వేరు.

మన బొమ్మలకూ ఇదే. మామూలు మనిషి తన తలకు ఏడున్నర రెట్లు పొడుగుంటాడు. 28 మిల్లీమీటర్ల బొమ్మకు ఆ లెక్కన తల 3.7 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటన్ కంపెనీ అలవాటు చేసిన హీరోయిక్ తరహా బొమ్మను తీసుకోండి, తల పెద్దది, అరచేతులు పెద్దవి, తుపాకీ గొట్టం నీళ్ల పైపంత. ఐదున్నర తలల బొమ్మ అయితే తల 5 మిల్లీమీటర్లు దాటుతుంది. అలా చెయ్యడం తప్పని నేను అనను, మూడడుగుల దూరం నుంచి బల్ల మీద చూస్తే ముఖం కనపడాలి, రంగు వెయ్యడానికి చోటుండాలి, అందుకే చేశారు. కానీ ఆ బొమ్మ పక్కన పెర్రీ సోదరులు చెక్కిన సన్నపాటి సైనికుణ్ణి పెట్టండి. ఎత్తు సరిపోతుంది, కానీ తల, చెయ్యి, తుపాకీ మూడూ సరిపోవు. మన కన్ను పట్టుకునేది ఆ మూడింటినే.

కాబట్టి కొత్త పెట్టె వచ్చినప్పుడు నేను చేసే పని ఒకటే. కంటి నుంచి గడ్డం కిందికి కొలిచి, దాన్ని రెట్టింపు చేస్తాను. కళ్లు తల మధ్యలో ఉంటాయి కాబట్టి అది తల పొడవు. తలపాగా అడ్డం రాదు. తర్వాత తుపాకీ గొట్టం మందం చూస్తాను. ఈ రెండూ కలిస్తే బొమ్మలు కలుస్తాయి. వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. లేకపోతే పేపరు ముక్క మీద పెన్సిల్ గీత చాలు.

చిన్న స్కేళ్ల గురించి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అక్కడ సమస్య తక్కువ. 6 మిల్లీమీటర్లలో హీరోయిక్స్ అండ్ రాస్, బాకస్, ఆడ్లర్, ఇర్రెగ్యులర్ అనే కంపెనీలు ఉన్నాయి. ట్యాంకులంటే అమెరికాలో జీహెచ్‌క్యూ వాళ్లు 1/285లో చేస్తారు, బ్రిటన్‌లో ఎక్కువగా 1/300. టైగర్ ట్యాంకు, గొట్టం వదిలేసి, ఒట్టి శరీరం 6.3 మీటర్లు. 1/300లో 21 మిల్లీమీటర్లు, 1/285లో 22. ఒక్క మిల్లీమీటరు! దీని గురించి కొట్లాడుకునేవాళ్లను చూశాను, నాకైతే ఓపిక లేదు. 15 మిల్లీమీటర్లలో కొంచెం జాగ్రత్త. ఏబీ ఫిగర్స్ లాంటివి 15 అనే లెక్కలో ఉన్నా నిజానికి 18 దగ్గరుంటాయి, పాత కాలం 15ల పక్కన పెడితే పెద్దన్నల్లా ఉంటారు. బండ్లు కావాలంటే 15కు 1/100, 28కి 1/56, అంతే.

నాకు ఇష్టమైంది 1/72. ఎందుకు? చవక. పెట్టెకు నలభై దాకా బొమ్మలు. మధ్యతరగతి వాడి సైన్యం. అంగుళానికి ఆరడుగులు, 1/72 అంటే అదీ. ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం బొమ్మ. కానీ ఇక్కడా ఒక మెలిక. ఎయిర్‌ఫిక్స్ వాళ్లు 1959లో ఈ ప్లాస్టిక్ బొమ్మలు మొదలుపెట్టినప్పుడు పెట్టె మీద హెచ్‌ఓ, ఓఓ అని రైలు బొమ్మల స్కేళ్లు వేశారు. ఓఓ అంటే 1/76, హెచ్‌ఓ అంటే 1/87. రెండూ ఒకటెలా అవుతాయి? కావు. అమ్ముకోవడానికి వేశారు. అందుకే పాత ఎయిర్‌ఫిక్స్ బొమ్మలు చిన్నగా ఉంటాయి, జ్వెజ్దా, ఇటలేరి వాళ్లవి నిండుగా, దాదాపు సరిగ్గా 1/72. హాట్ వాళ్లవి సన్నం. స్ట్రెలెట్స్ వాళ్లవి బండగా, పెద్ద ముక్కులతో ఉంటాయి, నాకు ముచ్చటేస్తుంది గానీ పక్కన ఎవరూ ఇమడరు. పాత ఎస్కీ అచ్చులు కొన్ని ఇటలేరి పెట్టెల్లోనే మళ్లీ వచ్చాయి, కాబట్టి ఆ రెండు పేర్లూ చూసి భయపడక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పోలికలన్నీ నాకెందుకు పట్టాయంటే దామలచెరువు వల్ల. పాకాల దగ్గర దామలచెరువు. మనకు ఆ పేరు చెప్తే మామిడికాయల మార్కెట్టే గుర్తొస్తుంది. కానీ 1740 మే నెలలో అక్కడి కనుమలో పెద్ద యుద్ధం జరిగింది. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ కనుమకు అడ్డంగా సైన్యం పెట్టుకొని కూర్చుంటే, రఘూజీ భోంస్లే మరాఠా సేన వేరే దారిలో చుట్టి వెనక నుంచి వచ్చి పడింది. నవాబు, ఆయన కొడుకు హసన్ అలీ ఇద్దరూ అక్కడే చచ్చిపోయారు. కర్ణాటక యుద్ధాల కథంతా ఒక రకంగా దాని తర్వాతే వేడెక్కింది. మన ఇంటి నుంచి గంట ప్రయాణంలో ఉన్న యుద్ధం. వాటర్లూ బొమ్మలు ఎన్ని కంపెనీలు చేశాయో లెక్కలేదు. దామలచెరువు అని పెట్టె మీద రాసి అమ్మేవాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు. మరి ఎలా? కొన్నవాటిని మార్చుకోవాలి. ఒక కంపెనీ మనిషి, ఇంకొక కంపెనీ గుర్రం, మూడో కంపెనీ ఏనుగు. పోలిక తెలియకుండా మార్పిడి జరగదు.

ముందు గుర్రాలు. మరాఠా రౌతులు ఎక్కింది పెద్ద అరబ్బీ గుర్రాల్నే కాదు, చాలామంది దక్కన్ టట్టువుల్నే ఎక్కారు. పదమూడు చేతుల గుర్రం అనుకోండి, గుర్రాల లెక్కలో చెయ్యి అంటే నాలుగంగుళాలు, అంటే భుజం దగ్గర 132 సెంటీమీటర్లు. 1/72లో అది 18 మిల్లీమీటర్లు. ఇప్పటి కంపెనీల గుర్రాలు దీనికి పెద్దవి, యూరప్ రౌతులకు చేసినవి కదా. మరి చిన్న గుర్రం ఎక్కడుంది? పాత ఎయిర్‌ఫిక్స్ పెట్టెల్లో! ఎవరికీ సరిపోవు, పొట్టివి అని మనం మూలన పడేసినవి. వాటి మీద జ్వెజ్దా సైజు మనిషిని కూర్చోబెట్టండి, కాళ్లు కిందికి వేలాడతాయి, అచ్చం పాత చిత్రాల్లో టట్టు మీద పోయే మరాఠా రౌతులా ఉంటాడు. పది నెలలు నేను తప్పు అనుకున్న తేడా అక్కడ ఒప్పయింది.

తర్వాత ఏనుగు. నవాబు ఏనుగు మీద ఉండాలి కదా. హాట్ వాళ్ల కార్తేజ్ ఏనుగులు దొరుకుతాయి, పాతకాలంలో రోము మీదికి పోయిన హానిబాల్ ఏనుగులు. కానీ అవి ఆఫ్రికావి. మన తిరుమల ఏనుగును చూసిన కంటికి వెంటనే తెలిసిపోతుంది. ఏం తేడా? చెవులు ఒక్కటే కాదు. ఆఫ్రికా ఏనుగుకు వీపు మధ్యలో గుంట, భుజం ఎత్తు. మన ఏనుగుకు వీపు పైకి ఉబ్బి ఉంటుంది, అన్నిటికంటే ఎత్తు నెత్తి, ఆ నెత్తి మీద రెండు కుంభాలు. కాబట్టి చెవులు చుట్టూ కోసి చిన్నవి చెయ్యండి, నెత్తి మీద ఎం-సీల్‌తో రెండు ఉండలు పెట్టి కలపండి, వీపు గుంట పూడ్చండి. వీపు మీద ఎలాగూ గుడ్డ కప్పి అంబారీ పెడతాం, కాబట్టి అక్కడ నునుపు రాకపోయినా పర్వాలేదు. మగ ఏనుగు భుజం దగ్గర 2.75 మీటర్లు అనుకుంటే 1/72లో 38 మిల్లీమీటర్లు రావాలి. నా ఏనుగు 35 వచ్చింది. పిల్ల ఏనుగు అని సర్దుకున్నా, నవాబు గారు మాత్రం ఒప్పుకోరేమో.

మనుషులకు ఇటలేరి సారసెన్లు, అంటే పాతకాలం అరబ్బు యోధులు, జ్వెజ్దా జానిసరీలు, అంటే తుర్కు సుల్తాను సైనికులు, తీసుకున్నాను. ఒంటి మీద పొడుగు అంగీ ఉంటే సగం పని అయినట్టే, అప్పటి మనవాళ్లు తొడిగిన జామా అనే అంగీకి దగ్గరగా వస్తుంది. తలపాగాలే పని. జానిసరీ టోపీ వెనక్కి వేలాడే భాగం బ్లేడుతో కోసేసి, ఎం-సీల్‌ను సేమ్యాలా సన్నగా పేని, మెలిపెట్టి, తల చుట్టూ రెండు చుట్లు. మరాఠా పగిడీ బిగువుగా, నవాబు మనిషిది కొంచెం వదులుగా. ఒక మాట, కలిపిన వెంటనే పని చెయ్యొద్దు, బంకలా వేలికి అంటుకుంటుంది. పావుగంట వదిలేస్తే కొంచెం బిగుస్తుంది, అప్పుడు మెలిక నిలుస్తుంది. మే నెలలో మన తిరుపతిలో పావుగంట కూడా అక్కర్లేదు, టీ తాగి వచ్చేసరికి రాయైపోతుంది, కాబట్టి శనగగింజంతే కలుపుకోండి. వేళ్లకు, సూదికి నీళ్ల తడి ఉండాలి. గ్రీన్ స్టఫ్ అని బొమ్మలు చెక్కేవాళ్లు వాడే ముద్ద ఒకటుంది, అది ఇంకా నున్నగా వస్తుంది, ముఖాలకు, వేళ్లకు అదే మేలు, కానీ తలపాగాకు అంత ఖర్చు ఎందుకు?

ఏమన్నారు సార్? ఆ, సార్ అడుగుతున్నారు, హైదర్ అలీ కాలం ఆడాలంటే సిపాయిలు ఎలా అని. మంచి ప్రశ్న, హైదర్ చనిపోయింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే కదా, 1782 డిసెంబరులో. 1780 పొల్లిలూరు యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సిపాయిలు కావాలంటే, ఏ ఎర్రకోటు బ్రిటిష్ సైనికుడైనా పనికొస్తాడు. ప్యాంటును తొడ మధ్య వరకు నిక్కరుగా ఉంచి, కింద కత్తితో గీకి కాలి రంగు వేసెయ్యండి. బూట్లు కోసేసి పాదం చెయ్యండి. టోపీ తీసి చిన్న తలపాగా. పది నిమిషాల పని.

ఇప్పుడు అతికించడం. ఇక్కడే ఎక్కువమంది ఏడుస్తారు. 1/72 బొమ్మల్లో చాలావరకు మెత్తటి పాలిథీన్. దానికి ఫెవిక్విక్ పట్టదు. ఎంత పోసినా రెండు రోజుల్లో తల ఊడి చేతిలోకి వస్తుంది. తల మార్చాలంటే గుండుసూదిని దీపం మీద కాల్చి మెడలోకి గుచ్చండి, చల్లారాక పట్టేస్తుంది, పైన మిగిలింది కత్తిరించి దాని మీద కొత్త తల దిగ్గొట్టండి. రంగు వేసేముందు సబ్బు నీళ్లలో కడగండి, అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోవాలి. గట్టి ప్లాస్టిక్ అయితే పాలిస్టైరిన్, దానికి ప్లాస్టిక్ సిమెంట్ వేస్తే రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి. లోహం బొమ్మకైతే ఫెవిక్విక్ సరే, బరువైన ముక్కకు లోపల తీగ గుచ్చండి. పాత లోహం బొమ్మల్లో సీసం ఉంటుంది, ఆకురాయి పెట్టేటప్పుడు పొడి పీల్చొద్దు, తర్వాత చేతులు కడుక్కోండి, మిక్చర్ పొట్లం పక్కన పెట్టుకొని గీకొద్దు. నవ్వకండి, నేను మిమ్మల్నే చూశాను.

బొమ్మలు తీసే త్రీడీ ప్రింటర్ ఉంది కదా, ఏ సైజు కావాలంటే ఆ సైజు తీసుకోవచ్చు కదా, ఇక కొలతలెందుకు అని కుర్రాళ్లు అడుగుతారు. తీసుకోండి. 30 మిల్లీమీటర్ల బొమ్మను 23 చెయ్యాలంటే 77 శాతానికి తగ్గిస్తే సరి. కానీ తలా, చేతులూ, అన్నీ ఒకే వాటాలో తగ్గుతాయి. ఐదున్నర తలల బొమ్మ 77 శాతానికి తగ్గినా ఐదున్నర తలలే. వినాయకుడు చిన్నవాడైనంత మాత్రాన విష్ణువు కాడు. పైగా ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఈటె ముప్పావు అవుతుంది, ప్రింటర్ వాడేది రెజిన్ అనే పెళుసు ప్లాస్టిక్ కదా, పట్టుకుంటే విరుగుతుంది. ఇంకొకటి, ఎండ. నేను ఇరవై మంది ఈటె భటుల్ని ప్రింట్ చేయించి స్కూటర్ డిక్కీలో పెట్టి కోర్టు పనికి పోయాను. సాయంత్రం తీస్తే ఇరవై ఈటెలూ అరటి ఆకు ఈనెల్లా వంగిపోయి ఉన్నాయి. వేడి నీళ్లలో ముంచి, నిలువుగా పట్టుకొని, చల్లనీళ్లలో పెడితే చాలావరకు సరయ్యాయి. నలుగురు మాత్రం ఇప్పటికీ వంకర ఈటెలతోనే కవాతు చేస్తున్నారు. నవంబరు వానల్లో ఇంకో బాధ, చెమ్మలో మ్యాట్ వార్నిష్ స్ప్రే కొడితే తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది. ఆ నెలలో బ్రష్‌తోనే వెయ్యండి, లేదా ఓపిక పట్టండి.

ఇక మెట్టు సంగతికి వస్తా. కొలువులో ఏం చేస్తున్నాం? ఒక మెట్టు మీద ఒకే వరస బొమ్మలు. ఇక్కడా అంతే చెయ్యండి. ఒక బేస్ మీద ఒక కంపెనీ వాళ్లే ఉండాలి. ఒక పటాలం మొత్తం ఒక కంపెనీదే అయితే ఇంకా మంచిది. స్ట్రెలెట్స్ లావుపాటి వాళ్లు ఒక పటాలం, ఒక అడుగు ఖాళీ వదిలి హాట్ సన్నపు వాళ్లు ఇంకో పటాలం, ఎవరూ గుర్తుపట్టరు. గుర్రాలకు, ఫిరంగులకు ఇంకా వెసులుబాటు ఉంది, పక్కనే కొలబద్దలా మనిషి నిలబడి ఉండడు కదా. ఒకే బేస్ మీద కలపక తప్పకపోతే పొట్టివాడి కాళ్ల కింద ఒక మిల్లీమీటరు అట్టముక్క వేసి మట్టి కప్పండి. మట్టి కూడా కొనక్కర్లేదు, చంద్రగిరి రోడ్డు పక్క ఎర్రమట్టి తెచ్చి, బాణలిలో వేయించి, టీ జల్లెడ పట్టి, ఫెవికాల్ మీద చల్లండి. మా ఇంట్లో ఆ బాణలి వేరే ఉంది, ఉండేలా చేశారు. చివరగా తలపాగా రంగు. ఒక పటాలం అంతా ఒకే ఎరుపు, ఒకే బేస్ మట్టి అయితే సగం తేడాలు దాని కిందే దాక్కుంటాయి. నేను రెండేళ్ల కిందట కొన్న ఆ తండ్రీకొడుకుల పెట్టెలు కూడా అలాగే సర్దుకున్నాయి, ఇప్పుడు వేర్వేరు పటాలాల్లో ఉన్నారు, మా ఆవిడకు ఇంకా చూపించలేదు.

సరే, చాలాసేపు మాట్లాడాను. ఆ బల్ల మీద ఏడు కంపెనీల బొమ్మలు పేర్లు లేకుండా పెట్టాను. పేపరు ముక్క, పెన్సిల్ కూడా ఉన్నాయి, కంటి నుంచి గడ్డం దాకా గుర్తు పెట్టుకొని ఏది దేంతో కలుస్తుందో మీరే జతపరచండి, చీటీలు తర్వాత విప్పుదాం. అన్నీ చేత్తో పట్టుకొని చూడొచ్చు. ఏనుగును మాత్రం తొండం పట్టుకొని ఎత్తొద్దు, నిన్న రాత్రే మూడోసారి అతికించాను.